ఉప్పుగాలి, బీడు బల్లలు

2014 అక్టోబరు 13, సోమవారం

ఇంట్లో అందరం క్షేమం. కాబట్టి మిషన్ల సంగతి రాసుకోవచ్చు.

మా వడ్రంగి షెడ్డుకి సముద్రం వైపున్న రేకులు సగం ఎగిరిపోయాయి. రెండు మాత్రం పక్కింటి పిట్టగోడ మీద మడతపడి ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం గాలి ఒక్కసారి ఆగితే, అయిపోయిందనుకుని జనం వీధుల్లోకి వచ్చేశారు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. తుఫాను కన్ను మా నెత్తి మీదుగానే వెళ్లిందని అప్పుడు అర్థమైంది. హుద్‌హుద్ గాలి గంటకు 170 కిలోమీటర్ల పైమాటేనట.

ప్లానింగ్ మిషను నిలువునా తడిసింది. పన్నెండంగుళాలది, బటాలాలో పోతపోసిన బీడు ఇనుము, రెండు బల్లలూ కలిపి ఐదడుగుల పైచిలుకు. బ్యాండ్ సా మీద వాసం ఒకటి పడింది గానీ చక్రాలకేమీ కాలేదు. సాయంత్రానికి బల్లల మీద నీళ్లు నిలిచి ఉన్నాయి, తెల్లారేసరికి నారింజ రంగు తేలింది. వాన నీటికి అంత తొందర ఉండదే అని వేలితో అద్దుకుని నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది. గాలి సముద్రాన్ని తుంపర చేసి షెడ్డు లోపలికి తెచ్చి పోసిందన్నమాట.

మా కుర్రాడు ఆయిల్ డబ్బా పట్టుకుని తయారుగా నిలబడ్డాడు. "గురువుగారూ, ముందు ఆయిల్ కొట్టేద్దునా?"

వద్దన్నాను. ఉప్పు మీద నూనె రాయడమంటే దొంగని ఇంట్లో ఉంచి బయట తాళం వేసుకోవడమే. ముందు కడగాలి, మంచినీళ్లతో. తుప్పుపట్టిన ఇనుముకి నీళ్లేమిటని వాడు నోరు తెరిచాడు గానీ అడగలేదు.

అక్టోబరు 14, మంగళవారం

ఊళ్లో తాగునీటికి బిందెలు పట్టుకుని బారులు తీరి ఉన్నారు. ఇలాంటప్పుడు కుళాయి నీళ్లు మిషన్ల మీద పోయడానికి మనసొప్పదు. వెనక వీధిలో ఎవరూ వాడని పాతబావి ఉంది. రుచి చూశాను, ఉప్పన లేదు. దాన్ని తోడించాను. పొయ్యిలోకి ఎండుకట్టెలకి లోటు లేదు, షాపులో తునకలు బస్తాల కొద్దీ ఉన్నాయి.

చన్నీళ్లు పోస్తే అవి ఆరేలోపు ఇంకో పొర తుప్పు లేస్తుంది. నీళ్లు సలసల మరగాలి. మరిగే నీళ్లు ఉప్పును కరిగించి పట్టుకుపోతాయి, పైగా అంత బరువైన బీడు వేడెక్కి తనంతట తానే ఆరుతుంది. మోటారు విప్పి పక్కన పెట్టాం, కట్టర్ బ్లాకు చివర్లు ప్లాస్టిక్‌తో బిగించి కట్టాం. బల్ల మీద, బల్ల కింద రిబ్బుల సందుల్లో, పైకీ కిందకీ జరిగే వాలుపట్టాల్లో చెంబులతో పోశాం. చాలామంది పై ముఖం తుడిచి సరిపెట్టుకుంటారు. ఆ పట్టాల్లో తుప్పు బిగుసుకుంటే ఇక హ్యాండిల్ తిరగదు.

పొయ్యి పూర్తిగా ఆర్పించి, బల్ల గోరువెచ్చగా ఉండగానే కిరసనాయిల్లో కాస్త మిషనాయిలు కలిపి పూశాం. పొయ్యి ఆర్పడం మరిచిపోకూడదు.

నట్లు, బోల్టులు, చిన్న హ్యాండిళ్లు ఒక డేగిశాలో వేసి ఉడకబెట్టాం. ఎర్రగా వెళ్లినవి నల్లగా బయటికొచ్చాయి. కుర్రాడికి వింతగా ఉంది. ఎర్ర తుప్పుని నీళ్లలో ఉడికిస్తే నల్ల ఆక్సైడుగా మారుతుంది. అది ఇనుమును కరుచుకుని ఉంటుంది, పొరలుగా ఊడదు. తుపాకులు చేసేవాళ్లు వాటికి నల్లరంగు తేవడానికి పనిగట్టుకుని తుప్పు పట్టించి, ఉడికించి, రుద్దుతారు.

ఉప్పు గురించి ఒక మాట. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు దానంతటదే నీరు లాగి చెమ్మగిలుతుంది. విశాఖలో 75 దాటని రోజులు వెతుక్కోవాలి. అంటే బల్ల మీద కంటికి కనపడని ఉప్పు పొర ఉంటే వాన రాకపోయినా బల్ల తడిసే ఉంటుంది.

అక్టోబరు 17, శుక్రవారం

రోజంతా గీకుడే. కుర్రాడు తర్వాత అడుగుతాడు కాబట్టి పద్ధతి రాసి పెడుతున్నాను.

రంగులవాళ్లు వాడే వెడల్పు బ్లేడు తీసుకుని, దాని మూలలు రెండూ సానరాయి మీద కొంచెం గుండ్రం చేశాను. లేకపోతే మూల దిగబడి గీత పడుతుంది. బల్ల మీద ధారాళంగా కిరసనాయిలు పోసి, బ్లేడుని బాగా పడుకోబెట్టి తోస్తే తుప్పు ఎర్ర బురదై ముందుకు జరుగుతుంది. ఇక్కడ కంటికంటే చెవి ముఖ్యం. తుప్పు మీద బ్లేడు గరగరమంటుంది. కింద లోహం తగలగానే ఆ చప్పుడు సన్నబడి సుయ్యిమంటుంది. అక్కడ చెయ్యి ఆపాలి.

తర్వాత ఎర్ర స్కాచ్‌బ్రైట్ ముక్కని చదునైన టేకు దిమ్మకి చుట్టి, పల్చటి ఆయిల్‌తో, బల్ల పొడవు వెంట మాత్రమే. ఆఖర్న 400 నంబరు వాటర్ పేపరు, అదే దిమ్మ మీద. ఒట్టి చేత్తో పట్టుకుని రుద్దితే వేళ్లు నొక్కినచోటే అరుగుతుంది. ఒక మరకని పట్టుకుని అక్కడే గంటసేపు రుద్దడం ఇంకా అన్యాయం. మరక పోతుంది, దాని చోట పల్లం మిగులుతుంది.

మధ్యాహ్నం దాకా రుద్ది కుర్రాడు గుడ్డ చూపించాడు. "నలుపు పోట్నేదు గురువుగారూ."

"అది జన్మలో పోదురా, వదిలెయ్."

బీడులో మూడు శాతం పైచిలుకు కర్బనం ఉంటుంది. అది సన్నటి గ్రాఫైటు రేకులుగా లోహమంతా పరుచుకుని ఉంటుంది. పెన్సిల్లో ఉండేది అదే. మిషను అదురుని మింగేది, చెక్క మెత్తగా జారేలా చేసేది ఆ రేకులే. తుప్పు వాటి చుట్టూ ఉన్న ఇనుముని తింటుంది గానీ గ్రాఫైటుని ముట్టుకోదు. అందుకే తుప్పు పోయినచోట బూడిదరంగు మచ్చ మిగులుతుంది, గుడ్డకి మసి అంటుతూనే ఉంటుంది. ఆ మచ్చలతో చెక్కకీ నష్టం లేదు, నాకూ లేదు.

సాయంత్రం స్ట్రెయిట్ ఎడ్జి నిలబెట్టి చూశాను. పొడవుకి, అడ్డానికి, రెండు మూలల మధ్య ఐమూలగా. ఫీలర్ గేజిలో 0.1 మిల్లీమీటరు రేకు ఎక్కడా దూరలేదు. కట్టర్ పక్కన పెదవి దగ్గర చిన్న చిన్న గుంటలు పడ్డాయి. పడనీ. గుంటతో బాధ లేదు, చెక్క దాని మీదుగా వెళ్లిపోతుంది. గడ్డ ఉంటేనే చెక్కని పైకెత్తుతుంది.

అక్టోబరు 21, మంగళవారం

పక్క షెడ్డు బాబాయ్ బాత్‌రూమ్ యాసిడ్ సీసాతో వచ్చాడు. "గీకీ గీకీ చేతులరిగిపోతాయి గానీ అబ్బాయా, ఇది పోస్తే ఐదు నిమిషాల్లో తెల్లగా తేలుతుంది."

తేలుతుంది, నిజమే. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. తుప్పుని తింటుంది, ఆ వెనకే ఇనుముని తింటుంది. దాని ఆవిరి షెడ్డంతా తిరిగి ఉలులూ రంపాలూ అన్నిటి మీదా వాలుతుంది. తుప్పు తిన్న బీడు ముఖం మీద సన్న గుంటలుంటాయి, ఎంత కడిగినా వాటి లోపల క్లోరైడు మిగులుతుంది. వారం తిరక్కుండా మళ్లీ ఎర్రబడుతుంది. సముద్రం చేసిన పనినే సీసాలో కొనుక్కోవడం దేనికి?

నేను వద్దన్నానని బాబాయ్ నొచ్చుకోలేదు. తన సర్క్యులర్ సా బల్లకి కొంచెం యాసిడ్, ఆపైన గ్రైండరుకి వైరు బ్రష్షు తగిలించి కొట్టాడు. సాయంత్రం పిలిచి చూపించాడు. వెండి పళ్లెంలాగే ఉంది. నేను స్ట్రెయిట్ ఎడ్జి తీసుకెళ్లలేదు. ఊరంతా ఇంత కష్టంలో ఉన్నప్పుడు సంతోషంగా ఉన్న మనిషి ముందు దాన్ని తీయబుద్ధి కాలేదు.

తుప్పు ఏడాదికి తినేదానికంటే తొందరపడిన మనిషి ఒక్క పూటలో తినేది ఎక్కువ. ఫౌండ్రీలో ప్యాటర్న్లు చెక్కిన రోజుల నుంచీ చూస్తున్నాను. అప్పట్లో పోతపోసిన బల్లల్ని వెంటనే మిషనింగుకి పంపేవాళ్లు కాదు. ఆరుబయట ఎండకీ వానకీ నెలల తరబడి పడేసేవాళ్లు. చల్లారేటప్పుడు లోపల బిగుసుకున్న ఒత్తిడి మెల్లగా సడలాలి. అవన్నీ ఎర్రగా తుప్పుపట్టే లోపలికి వచ్చేవి, ఎవరూ కంగారు పడేవారు కాదు. ఇప్పుడు నెలలు ఆగే ఓపిక ఎవరికీ లేదు. కొత్త బల్లలు కొన్ని ఏడాది తిరక్కుండానే మెలి తిరగడానికి అదొక కారణం.

అక్టోబరు 24, శుక్రవారం

మా షెడ్డుకి కూడా కరెంటు వచ్చింది. నిన్న దీపావళి. షెడ్డుకున్న సందులన్నీ టార్పాలిన్‌తో మూసేశాను. టపాసుల పొగలో గంధకం ఉంటుంది. తేమకి అది తోడైతే తుప్పు జోరందుకుంటుంది. ఇంట్లోవాళ్లు నవ్వారు.

నవంబరు 3, సోమవారం

ఫెన్స్ బ్రాకెట్టు, పెద్ద హ్యాండ్‌వీల్ గీకుడికి లొంగలేదు. ఒంపుల్లోకి బ్లేడు వెళ్లదు. వాటికి కరెంటు వైద్యం.

ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు, లీటరుకి ఒక చెంచా చొప్పున చాకలి సోడా. తుప్పుపట్టిన వస్తువుకి బ్యాటరీ చార్జరు నెగటివ్, పక్కన వేలాడదీసిన పనికిరాని ఇనుప చువ్వలకి పాజిటివ్. పన్నెండు వోల్టులు చాలు. తారుమారైతే చువ్వ శుభ్రమై హ్యాండ్‌వీల్ కరిగిపోతుంది, అందుకని టబ్బు మీద సుద్దతో రాశాను. స్విచ్ వేయగానే వస్తువు చుట్టూ సన్న బుడగలు లేచాయి. అది హైడ్రోజన్. టబ్బు ఆరుబయటే ఉండాలి, దగ్గర్లో బీడీ కూడా వెలిగించకూడదు. సోడా బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది. చువ్వల చోట స్టెయిన్‌లెస్ స్టీలు పెడితే క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. అది విషం. స్టీలు గరిటె ఒకటి పట్టుకొచ్చిన కుర్రాణ్ని వెనక్కి పంపాను.

మర్నాటికి ఎరుపంతా నల్లటి బురదయి బ్రష్షుకే ఊడొచ్చింది. ఈ పద్ధతిలో నచ్చేది ఒకటే. మంచి ఇనుముని అది ముట్టుకోదు. వేడినీళ్లతో కడిగి, ఎండలో పెట్టి, వెంటనే ఆయిల్ రాయాలి. కొత్తగా బయటపడ్డ లోహం భోజనానికి వెళ్లొచ్చేలోపే ఎర్రబడుతుంది.

చిన్న వాటికి నిమ్మఉప్పు నీళ్లు చాలు. రాత్రి వేసి పొద్దున్నే తీసి, సోడా నీళ్లలో ముంచి కడగాలి. కిరాణా కొట్లో దొరికే సరుకు, చవక.

నవంబరు 16, ఆదివారం

ఊరినిండా కూలిన చెట్లే. తురాయి, నిద్రగన్నేరు, వేప, తుమ్మ. కోత మిల్లుల దగ్గర దుంగలు గుట్టలుగా పడున్నాయి. ఆరే దాకా ఆగండి బాబూ అంటే ఎవరూ వినడం లేదు. పెరట్లో కూలిన తుమ్మతో మంచం చేయించుకుంటానని ఒకాయన పచ్చి పలకలే మోసుకొచ్చాడు. కాదనలేక రెండు పలకలు ప్లానింగ్ పట్టాను. టీ తాగి వచ్చేసరికి బల్ల మీద పలక ఆనినంత మేరా నీలినలుపు మరక. పలక అడుగున కూడా సిరా ఒలికినట్టు అదే మరక.

ఇది తుప్పు కాదు. తుమ్మలో టానిన్ దండిగా ఉంటుంది, తోళ్లు ఊనడానికి తుమ్మబెరడు వాడేది అందుకే. పచ్చిచెక్క రసంలోని టానిన్, బీడులోని ఇనుము కలిస్తే ఈ నలుపు. శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు ఇదే పని కావాలని చేస్తారు. తుప్పు ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి కసిమి తీస్తారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఆ కసిమితో గీస్తే గీత నల్లగా తేలుతుంది. కరక్కాయ నిండా టానినే.

ఆ సంగతి గుర్తొచ్చి కరక్కాయలు దంచి కషాయం కాచాను. బ్యాండ్ సా స్టాండు లోపలివైపు, గీకడానికి చెయ్యి పట్టని చోట, వదులు తుప్పు దులిపేసి ఆ కషాయం పూశాను. ఎరుపు నల్లబడింది, గట్టిపడింది. బజార్లో తుప్పు మందని అమ్మే డబ్బాల్లో చాలావాటి సరుకు ఈ టానినూ, ఫాస్ఫారిక్ ఆమ్లమూ. ఆరాక దాని మీద రెడ్ ఆక్సైడు వేశాను. ఇది కాళ్లకీ స్టాండుకీ పనికొస్తుంది. చెక్క జారే బల్లకి మాత్రం రంగులూ పూతలూ వద్దు.

తుమ్మ పలక మరకకి ఆక్సాలిక్ ఆమ్లం తుడిస్తే పోయింది. పలక యజమానికి మాత్రం, ఆరకుండా మంచం చేస్తే మంచమే వంకర తిరుగుతుందని చెప్పి పంపాను.

డిసెంబరు 1, సోమవారం

పూత సంగతి తేల్చేశాను. ఇంజిన్ ఆయిల్ చెక్కకి అంటి పాలిష్ పట్టనివ్వదు. అవిసె నూనె ఆరి బంకవుతుంది. కొబ్బరినూనె నాలుగు రోజులు బాగుండి ఆ తర్వాత కంపు కొడుతుంది. కార్లకి రాసే మెరుగు పాలిష్‌లలో సిలికోన్ కలిసి ఉంటుంది. అది చెక్కకి సోకిందంటే మెలమైన్ కొట్టేటప్పుడు పూత గుంటలు గుంటలుగా విడిపోతుంది, పాలిష్ మేస్త్రి మన వంశాన్నంతా తలుచుకుంటాడు.

తేనెమైనం ఒక పాలు, టర్పెంటైను మూడు పాళ్లు. మైనాన్ని వేడినీళ్ల గిన్నెలో కరిగించి, మంటకి దూరంగా తెచ్చాక టర్పెంటైను కలపాలి. చల్లారితే వెన్నముద్దలా అవుతుంది. పల్చగా రాసి, తడి ఆరి మసకబారాక పాత లుంగీ గుడ్డతో గట్టిగా తుడిచేయాలి. మందంగా రాస్తే ఎక్కువ కాపాడుతుందనేది అపోహ. మిగిలిన మైనం పొట్టుని పట్టుకుంటుంది, పొట్టు తేమని పట్టుకుంటుంది. తుడిచాక టేకు పలక తోసి చూశాను. తోసిన వేగానికి అవతలి చివర దాటి కింద పడబోయింది.

2015 జనవరి 12, సోమవారం

పండగ పనుల హడావుడి. ఇవాళ తలుపులు తీసిన గంటకి బ్యాండ్ సా బల్ల మీద సన్నటి చెమట. రాత్రి వాన లేదు, కప్పు కారలేదు.

రాత్రి చలికి బీడు చల్లబడుతుంది. అంత బరువు పొద్దెక్కినా తొందరగా వేడెక్కదు. తలుపు తీయగానే సముద్రపు గాలి వెచ్చగా, తేమగా లోపలికొస్తుంది. గాలి 26 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే, 22 డిగ్రీలకి దిగువనున్న దేని మీదైనా నీరు పడుతుంది. షెడ్డులో అందరికంటే చల్లనిది ఆ బల్లే.

మిషను పొట్టలో అరవై వాట్ల పాతకాలపు బల్బు పెట్టించాను, పొట్టు తగలకుండా జాలీ కట్టి. రాత్రంతా వెలిగితే బల్ల గాలి కంటే ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉంటుంది, అంతే కావలసింది. ప్లాస్టిక్ పట్టా తీసేసి పాత బొంత కప్పాను. పట్టా వాన చినుకుని ఆపుతుంది గానీ చెమటని లోపలే పట్టి ఉంచుతుంది. సాయంత్రం పొట్టు ఊడ్చకుండా ఇంటికి వెళ్లకూడదని కొత్త రూలు. పలకలు రాత్రి బల్ల మీద వదలకూడదని ఇంకోటి.

ప్లానర్ బల్ల మీద చెయ్యి గుర్తు ఒకటి కనిపించింది. ఐదు వేళ్లూ, అరచేతి గీతలతో సహా, తుప్పులో అచ్చుపడి ఉంది. కుర్రాడి చెయ్యి పక్కన పెట్టి చూస్తే సరిపోయింది. కొందరి చెమటలో ఉప్పు ఎక్కువ. వాడికి కోపం వచ్చింది, "నేనేటి సేసీది" అని. ఏమీ చేయక్కర్లేదు, నడుము దగ్గర మైనం గుడ్డ వేలాడేసుకుంటే చాలు.

జూన్ 14, ఆదివారం

రుతుపవనం మొదలైంది. మైనం నెలకోసారి సరిపోతుందనుకున్నది ఇక పదిహేను రోజులకి మార్చాలి. బల్ల మీద నీటిబొట్టు వేసి చూస్తున్నాను. గుండ్రంగా నిలబడితే పూత ఉన్నట్టు, పరుచుకుంటే పోయినట్టు.

బాబాయ్ వచ్చాడు. తలుపు చట్రాల మూలలు కలవడం లేదట, బ్లేడు మార్చాడట, ఫెన్స్ మార్చాడట. ఈసారి స్ట్రెయిట్ ఎడ్జి పట్టుకెళ్లాను. వైరు బ్రష్షు కొట్టినచోట, బ్లేడుకి ఎడం పక్కన, 0.5 రేకు సులువుగా దూరింది. పైగా అక్కడే మళ్లీ ఎర్రబడి ఉంది. ఆయనే రేకు తీసి, పెట్టి, తీసి చూసుకున్నాడు. "ఇప్పుడేటి సెయ్యాలి?" అన్నాడు.

గ్రైండింగ్‌కి ఇవ్వాలి. బల్ల విప్పి ఆటోనగర్ పంపాం. ముందు క్లోరైడు పోయేలా మరిగే నీళ్లతో రెండు సార్లు కడగమన్నాను. గ్రైండింగ్ అయ్యాక మైనం డబ్బా నా దగ్గర నుంచి పట్టుకెళ్లమన్నాను. వర్క్‌షాపువాడు బల్ల మందం చూసుకోకుండా మిల్లీమీటరు పైన తీసేయకూడదు, ఆ బల్ల అసలే పల్చన. గురువారం ఇస్తానన్నాడట. బుధవారమే ఒకసారి వెళ్లి రావాలి.